వదిన గిటారులో తీగల ఎత్తు

మా వదిన పోయిందన్న కబురు నాకు ఆఫీసు ఫోనులో వచ్చింది. టైపు మిషను ముందు కూర్చుని ఎవరిదో సెలవు ఉత్తర్వు కొడుతున్నాను. అన్నయ్య గొంతు మామూలుగానే ఉంది. "మీ ఒదిన ఎలిపోయిందే. నువ్వు ఆస్పత్రికి రాకు, తిన్నగా ఇంటికొచ్చీ. గుంట ఒక్కర్తే ఉంది," అన్నాడు. గుంట అంటే వాళ్ళ అమ్మాయి. నేను సరేనని ఫోను పెట్టేసి, సగంలో ఆగిన వాక్యం పూర్తిచేసి, మిషను మీద గుడ్డ కప్పి లేచాను. ఆ వాక్యంలో ఒక్క తప్పు కూడా దొర్లలేదని తర్వాత చూసుకున్నాను.

నాకు ఏడుపు త్వరగా రాదు. ఈ సంగతి వదినకి బాగా తెలుసు. "నీకు కన్నీళ్ళు కూడా ఆఫీసు టైముకే వత్తాయేటి" అని ఆటపట్టించేది. అందుకే బిర్సానగర్‌లో అన్నయ్య ఇంట్లో అందరూ గుండెలు బాదుకుంటుంటే నేను వంటింట్లో టీ పెట్టి వచ్చినవాళ్ళకి అందిస్తున్నందుకు ఆమె ఏమీ అనుకునేది కాదు. గ్లాసులు సరిపోతాయో లేదో చూడమనేది.

సంఘం పత్రికకి ఆమె గురించి రాయమని పాస్టరు గారు అడిగారు. ఆమె భక్తి గురించి, బడిలో ఆమె పాఠం చెప్పిన తీరు గురించి రాయడానికి నాకన్నా తగినవాళ్ళున్నారు. నేను ఆమె గిటారు గురించి రాస్తాను. ఒక మనిషి మన ఇంట్లో ఏళ్ళ తరబడి తిరుగుతున్నా ఎవరో మనకి తెలియకపోవచ్చు. వదిన ఎవరో మాకు ఆ గిటారుతో తగువు పడ్డ రోజుల్లోనే తెలిసింది.

మా పెద్దవాళ్ళలాగే ఆమెదీ టెక్కలి వైపు. టీచరు ట్రైనింగు హాస్టల్లో ఉండగా గిటారు నేర్చుకుంది. ఆ గిటారు హాస్టలుది, అక్కడే ఉండిపోయింది. పెళ్లయి మా ఇంటికి వచ్చింది. అప్పట్లో ఆ ఇంట్లో మేం నలుగురం. ట్రక్కుల కార్ఖానాలో ఫిట్టరు మా అన్నయ్య, వదిన, నేను, మా చిన్నాన్న. చిన్నాన్న కూడా అదే కార్ఖానాలో, ఇన్‌స్పెక్షన్ సెక్షనులో. పెళ్లి చేసుకోలేదు. ఏ వస్తువునైనా చేత్తో పట్టుకోవడానికి ముందు ఒక కన్ను మూసి, అది తిన్నగా ఉందో లేదో చూసేవాడు. చపాతీ కర్రని కూడా.

ఆ చపాతీ కర్ర దగ్గరే వదినలో నేనొకటి గమనించాను. అన్నం ఉడికేలోగా కర్రని ఎడమచేత్తో నిలువుగా పట్టుకుని, దాని మీద వేళ్ళు ఒక్కో రకంగా నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కేది. కుడిచెయ్యి ఊరికే ఉండేది. మొదట్లో అదేదో నరాల జబ్బనుకున్నాను. అడిగితే సిగ్గుపడింది. "మర్సిపోతానేమోనని," అంది. ఎనిమిదేళ్ళుగా ఆమె చేతికి గిటారు తగల్లేదని అప్పుడు లెక్క వేసుకున్నాను.

మా గుడిలో హిందీవాళ్ళకీ తెలుగువాళ్ళకీ ఆరాధన వేరువేరు. మా తెలుగు ఆరాధనలో అప్పటిదాకా హార్మోనియమే. హిందీ ఆరాధన కుర్రాళ్ళు గిటారు వాయిస్తున్నారని, మనవాళ్ళు అటు వెళ్ళిపోతున్నారని సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. చివరికి సంఘం సెక్రటరీ గారు కలకత్తా వెళ్ళినప్పుడు ఒక పాత ఎలక్ట్రిక్ గిటారు, దాని స్పీకరు పెట్టె తెచ్చారు. వాయించేవాళ్ళెవరని పాస్టరు గారు అడిగితే కొయిర్‌లో అందరూ తలలు దించుకున్నారు. వదిన చెయ్యెత్తింది. మా అన్నయ్య నోరు తెరిచి చూశాడు. ఆమెకి గిటారు వచ్చని ఆయనకి తెలియదు. అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు.

సెక్రటరీ గారు ఒక మెలిక పెట్టారు. ఈస్టరు తెల్లవారు ఆరాధనకి ఆమె వాయించగలిగితే గిటారు మన కొయిర్‌కి. లేదంటే హిందీ ఆరాధన కుర్రాళ్ళకి ఇచ్చేయాలి. అడ్డంగా పెట్టుకుని బూజు పట్టించడం దేనికని ఆయన మాట. చెడ్డమాటేమీ కాదు. కానీ వదినకి మాత్రం అది ఒకే ఒక్క అవకాశం. ఇంకో గిటారు మా ఇంటి గడప తొక్కే ఆశ లేదు.

ఎర్రటి గిటారు. ఇంటికి తెచ్చిన సాయంత్రం ఆమె చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. ఎడమచేత్తో తీగల మీద నొక్కింది. ముఖం మారిపోయింది. ఇంకోసారి నొక్కింది. తీగలు గిటారు మెడ కర్రకి అంటడం లేదు. అంత ఎత్తున ఉన్నాయి. బలమంతా పెట్టి అదిమితే అంటాయి గానీ, అప్పుడు శ్రుతి తప్పుతోంది. విడిగా మీటినప్పుడు తిన్నగా పలికే తీగ, నొక్కేసరికి కీచుమంటోంది.

వారం తిరిగేసరికి ఆమె వేళ్ళ కొసలు వాచాయి. బడిలో సుద్దముక్క పట్టుకునేది కుడిచేత్తోనే కాబట్టి సరిపోయింది. సెక్రటరీ గారు ఒకరోజు దారిన పోతూ లోపలికొచ్చి, కాసేపు విని, మెల్లిగా అన్నారు. "సానా ఏళ్ళయిపోనాది కదమ్మా. సెయ్యి తప్పిపోయి ఉంటాది. దాందేముంది." ఆయన ఓదార్పుగానే అన్నారు. ఆయన వెళ్ళాక వదిన ఉప్పునీళ్ళ గిన్నెలో వేళ్ళు పెట్టుకుని నన్నడిగింది.

"నా సెయ్యి పోయిందంటావా?"

"నాకు పాటలూ అవీ తెల్దు ఒదినా. సెయ్యి మాత్రం వాసింది."

ఆమె నవ్వింది. కానీ ఆ రాత్రి అన్నం కుడిచేత్తో తింటూ, ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని దాని వంకే చూసుకుంటూ కూర్చుంది. ఎవరో పరాయివాళ్ళ చెయ్యిని చూసినట్టు చూసింది.

అన్నయ్య రంగంలోకి దిగాడు. కార్ఖానా మనిషి కదా, ఏ వస్తువు మొరాయించినా ఎక్కడ స్క్రూ ఉందా అని వెతుకుతాడు. గిటారు పొట్ట మీద తీగలు ఆని ఉండే ఇనుప ముక్కకి రెండు స్క్రూలున్నాయి. దాన్ని బ్రిడ్జి అంటారని వదిన చెప్పింది. అన్నయ్య ఆ రెండు స్క్రూలూ తిప్పి బ్రిడ్జిని దించాడు. ఇంకా దించాడు. పొట్టకి ఆనేదాకా దించాడు. "ఇంక దిగదు. ఇప్పుడు సూడు," అన్నాడు. పొట్ట వైపున తీగలు కాస్త దిగాయి. మెడ చివర, తల దగ్గర, రోజూ ఎక్కువగా నొక్కేచోట మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

అప్పుడు చిన్నాన్న తన ఉక్కు స్కేలు తెచ్చాడు. దాన్ని నూనెగుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకునేవాడు, మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. గిటారు మెడ మీద దాన్ని పెట్టి, కిటికీ వెలుగుకేసి ఎత్తి, ఒక కన్ను మూశాడు. "మధ్యలో వెలుతురు కనబడతంది. మెడ ఒంగింది. అదీ గడ్‌బడ్," అన్నాడు. తల దగ్గర చిన్న మూత విప్పితే మెడలోపల దాగిన కడ్డీ, దాని కొసన ఒక నట్టు కనిపించాయి. ఇంటిల్లిపాదీ నిలబడి చూస్తుండగా దాన్ని బిగించాడు. స్కేలు పెట్టి చూశాడు, మళ్ళీ బిగించాడు. స్కేలు కింద వెలుతురు పూర్తిగా పోయేదాకా ఆగలేదు. "ఏక్‌దమ్ సీదా," అని గిటారుని వదిన చేతికిచ్చాడు.

ఆమె నొక్కింది. నొప్పి ఏమీ తగ్గలేదు. ఆ మాట నోటితో చెప్పలేదు గానీ పెదవి బిగబట్టడం మేమంతా చూశాం.

చిన్నాన్న స్కేలుని గుడ్డలో చుట్టుకుంటూ అన్నాడు. "మిషను ఓకే. తేడా ఆపరేటరుది."

కార్ఖానాలో రోజూ వాడే మాట అది. పనిలో లోపం వచ్చినప్పుడు మిషనుని పరీక్షించి, కాగితం మీద అలా రాసి సంతకం పెడతారు. చిన్నాన్న దానికి ఇంకో అర్థం ఉంటుందని కూడా అనుకుని ఉండడు. వదిన గిటారుని గోడకి ఆనించి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట చారులో ఉప్పు లేదు. ఎవరం అడగలేదు. అన్నయ్య ఒక్కడే నా వంక చూసి, ఉప్పు డబ్బా అందుకుని, మళ్ళీ అక్కడే పెట్టేశాడు.

తర్వాతి సంగతి ఈస్టరుకి వారం ముందు, మట్టలాదివారం మధ్యాహ్నం జరిగింది. ఈస్టరు పాటల్లో ఒకదాన్ని ఆడవాళ్ళ గొంతుకి తగ్గట్టు కొంచెం పైశ్రుతిలో పాడదామని కొయిర్‌లో అనుకున్నారు. వదిన హాస్టల్లో ఒక ఉపాయం నేర్చుకుంది. మెడ మీద అడ్డంగా ఉండే ఇనుప మెట్లలో రెండోదాని దగ్గర తీగలన్నిటినీ కలిపి ఒక పెన్సిలుతో అడ్డంగా అదిమి కట్టేస్తే శ్రుతి పెరుగుతుంది. వేళ్ళు వేసే తీరు మార్చుకోనక్కర్లేదు. బడిపిల్లల పుస్తకాలు దిద్దే ఎర్ర పెన్సిలు ఎప్పుడూ ఆమె జడముడిలో ఉండేది. దాన్ని తీసి తీగల మీద పెట్టింది. అన్నయ్య సైకిలు ట్యూబు ముక్క ఇచ్చాడు. దానితో గట్టిగా కట్టింది. పెన్సిలుకి ఇవతల వేళ్ళు వేసింది.

వేసి, తీసి, మళ్ళీ వేసింది.

"ఇలా రా," అని నన్ను పిలిచింది. "నీ వేలు ఇక్కడ పెట్టి నొక్కు."

నాకు గిటారు రాదు. నొక్కాను. వెన్నలో వేలు పెట్టినట్టు తీగ కిందికి దిగింది. టైపు మిషను మీటకి కూడా అంతకన్నా ఎక్కువ బలం కావాలి. పెన్సిలు విప్పి మళ్ళీ నొక్కమంది. వేలు కోసుకుపోయేలా ఉంది.

"నా సెయ్యి బాగానే ఉంది," అంది వదిన. ఎవరితోనూ కాదు, తనతో తనే అనుకున్నట్టు. తర్వాత గట్టిగా పిలిచింది. "ఏమండీ, చిన మావయ్యా, ఒకసారి ఇలాగ రండి."

ఇద్దరూ వచ్చారు. ఆమె పెన్సిలు మళ్ళీ కట్టి మీటింది. నొక్కడం మెత్తగానే ఉంది గానీ, తీగ మెట్లకి తగిలి గరగరమంటోంది. చిన్నాన్న వెంటనే అందుకున్నాడు. "సూసినావా, పెన్సిలు కడితే ఆవాజు పాడైపోతంది. తీసీ దాన్ని."

"పెన్సిలు తప్పు కాదు మావయ్యా," అంది వదిన. బడిలో పిల్లలకి చెప్పేటప్పుడు ఉండే నిదానం ఆమె గొంతులోకి వచ్చింది. "మీరూ ఆయనా సేసిన పనికి ఇటు తీగలు దిగాల్సినదానికన్నా కిందకి దిగిపోనాయి. అందుకే గరగర. ఎత్తంతా పెన్సిలుకి అటుపక్కనే ఉంది. తల దగ్గర. మనం అక్కడ సూడనేదు."

"అక్కడ స్క్రూ ఏదీ నేదు కదా," అన్నాడు అన్నయ్య.

"అందుకే సూడనేదు."

తల మొదట్లో, తీగలు మెడ మీదకి దాటేచోట, ఆరు గాట్లున్న చిన్న గట్టు ఒకటి ఉంటుంది. మా గిటారులో అది నల్లగా ఉంది. మేమెవరం అంతకుముందు ఇంకో ఎలక్ట్రిక్ గిటారుని దగ్గరనుంచి చూడలేదు. అదే దాని తీరనుకున్నాం. వదిన తీగలన్నీ వదులు చేసి, ఆ గట్టుని గోటితో గోకింది. నల్లరంగు రేగి కింద ఇనుము మెరిసింది. గట్టిగా పైకి లాగితే ఊడి చేతిలోకి వచ్చింది. వంచిన ఇనుప రేకు అది. దాని కింద అసలు గట్టు తెల్లగా, పొట్టిగా, తన ఆరు గాట్లతో ఉంది.

మేం మాషీమా అని పిలిచే పక్కింటి బెంగాలీ ఆవిడ గుమ్మంలోంచి చూసి నవ్వింది. రేకుని చేతిలోకి తీసుకుని హిందీలో చెప్పింది. ఇది హవాయి గిటారు వాయించేవాళ్ళు పెట్టుకునేదట. వాళ్ళు గిటారుని ఒళ్ళో పడుకోబెట్టి, తీగల్ని వేళ్ళతో నొక్కకుండా, నున్నటి ఉక్కు కడ్డీ ఒకటి వాటి మీద జరుపుతూ వాయిస్తారు. తీగలు కర్రకి తగలకూడదు కాబట్టి ఎత్తుగా ఉండాలి. కలకత్తాలో ఎవరో దీన్ని అలా మార్చుకుని ఉంటారు. ఆమె తమ్ముడి దగ్గరా ఉందట అలాంటిది.

చిక్కు వీడిందనుకున్నాం. రేకు తీసేసి తీగలు బిగించాక వదిన మీటింది. ఒక్క తీగ కూడా పలకలేదు. అన్నీ మెట్ల మీద పడుకుని గరగరమన్నాయి. బ్రిడ్జి పొట్టకి ఆని ఉంది. మెడ మరీ తిన్నగా బిగుసుకుపోయింది. లేని తప్పుకి చేసిన మరమ్మతులన్నీ ఇప్పుడు తప్పులయ్యాయి.

శనివారం సాయంత్రం సెక్రటరీ గారు వస్తానన్నారు. వాయించగలిగితే సరే, లేకపోతే గిటారు పట్టుకెళ్తారు. అన్నయ్యకి వారమంతా డబుల్ డ్యూటీ పడింది. శనివారం ఆయన పొద్దుటి ఎ షిఫ్టు దిగి వచ్చేదాకా వదిన ఆ స్క్రూలని ముట్టుకోలేదు. స్క్రూడ్రైవరు ఎక్కడుందో ఆమెకి తెలుసు. నాకు ఒళ్ళు మండి, నువ్వే తిప్పేసుకోరాదా అన్నాను.

"తిప్పొచ్చు," అంది. "నేను తిప్పితే మీది తప్పని వాళ్ళకి సెప్పినట్టవుతాది. ఎవరు తిప్పింది వాళ్ళే ఎనక్కి తిప్పితే అది పనే. తగువు కాదు."

అన్నయ్య వచ్చీ రాగానే బ్రిడ్జి పైకి లేపాడు. భార్య మాటకి ఎదురుచెప్పే ఓపిక ఆయనకి ఎప్పుడూ లేదు. చిన్నాన్న మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. "నేను సీదా సేసినాను. స్కేలు పెట్టి సేసినాను. సీదాగా ఉన్నదాన్ని మళ్ళీ ఒంకర సెయ్యమంటావేటి?" అన్నాడు. ఇది ఆయనకి చిన్న విషయం కాదు. జీవితమంతా వంకరని పట్టుకోవడమే ఆయన ఉద్యోగం.

వదిన ఆయన కాళ్ళ దగ్గర పీట వేసుకుని కూర్చుంది. "మీరు తిన్నగానే సేసినారు మావయ్యా. స్కేలు అబద్ధం సెప్పదు. కానీ తీగ ఊగాలి కదా. ఊగడానికి మధ్యలో కాసింత సోటుండాలి. మరీ తిన్నగా ఉంటే గరగరమంటాది. మీరు మెల్లిగా ఒదులు సెయ్యండి, నేను మీటుతుంటాను. సెవికి బాగున్నకాడ ఆపీండి. మీ సెయ్యి అయితే ఆగాల్సినకాడ ఆగుతాది."

చిన్నాన్న లేచి నట్టు తిప్పే పానా తెచ్చాడు. ఆయన ఒక పిసరు వదులు చేయడం, ఆమె మీటడం, ఇద్దరూ చెవులు రిక్కించి వినడం. ఆ ఇంట్లో ఆయన స్కేలు లేకుండా ఒక పని చేయడం అదే మొదటిసారి చూశాను. గరగర ఒక్కో తీగ మీదా పోతూ వచ్చింది. చివరి తీగ కూడా తేటగా పలికాక ఆయన చెయ్యి తీశాడు. అలవాటు కొద్దీ స్కేలు పెట్టి చూసి, మధ్యలో సన్నటి వెలుతురు గీత కనబడినా, దాన్ని గుడ్డలో చుట్టేశాడు.

సెక్రటరీ గారు వచ్చేసరికి వదిన వాయిస్తోంది. ఆయన గుమ్మంలోనే నిలబడి పాట అయ్యేదాకా విన్నారు. "ప్రాక్టీసు సేత్తే సెయ్యి దానంతటదే కుదురుతాదని నేను సెప్పనేదా," అన్నారు. వదిన "అవునండీ" అంది. అన్నయ్య ఏదో చెప్పబోతే కళ్ళతోనే ఆపేసింది. మర్నాడు తెల్లవారు ఆరాధనలో ఆమె వెనక వరసలో కూర్చుని వాయించింది. కొత్తగా విన్నామని ఎవరూ ఆశ్చర్యపడలేదు. పాట బాగుందన్నారు. ఆమెకి అదే చాలింది. నాకు చాల్లేదు, నేను ఇప్పుడు రాస్తున్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆమె మా కొయిర్‌లో వాయించింది. మధ్యలో అమ్మాయి పుట్టింది. నేను పెళ్లయి ఊళ్ళోనే ఇంకో పేట కాసిడీహ్‌కి వెళ్ళిపోయాను. ఇంట్లో ఏదైనా మాటపట్టింపు వచ్చి పుట్టింటికి వస్తే, వదిన నా గోడంతా విని, మా ఆయన్నీ అనేది కాదు, నన్నూ అనేది కాదు. "ఎత్తు ఎక్కడ మొదలైందో సూడు ముందు," అనేది. చిరాకొచ్చేది. బస్సులో తిరిగి వెళ్తూ ఆలోచిస్తే, తగువు పడ్డ విషయం ఒకటి, అది మొదలైన చోటు ఇంకొకటి అయ్యుండేవి. బడిలో ఒక పిల్ల అక్షరాలన్నీ పక్కకి వాల్చి రాస్తోందని మిగతా టీచర్లు చేతి మీద కొడుతుంటే, వదిన ఆ పిల్లని లేపి బల్ల కాలు కింద ఇటుక ముక్క పెట్టిందని విన్నాను. "సెయ్యిని తిట్టడానికి తొందరేటి" అందట.

అందరూ మెచ్చుకునే మనిషేమీ కాదు. ఆమె నిదానం నాకు చాలాసార్లు విసుగు పుట్టించేది. నిన్ను నొప్పించిన మాటని నొప్పించిందని చెప్పవేం అని ఒకసారి అడిగాను. చిన్నాన్న అన్న ఆ ఆపరేటరు మాట గురించే అడిగాను. "ఆయన మర్సిపోనాడు. నాకు గుర్తుంది. ఇద్దరికీ గుర్తుంటే ఇంట్లో ఎలా ఉంటాం?" అంది. ఆమెకి ఆ మాట ఎంత లోతుగా దిగిందో అప్పుడే తెలిసింది నాకు.

తర్వాత ఆమె కీళ్ళు పట్టేశాయి. ముసలితనం ఇంకా రాలేదు, అయినా పట్టేశాయి. ముందు పొద్దున్న పూట వేళ్ళు బిగుసుకునేవి. తర్వాత రోజంతా. మెలికలు తిరిగిన ఎడమచేతి వేళ్ళు తీగని నొక్కలేకపోయాయి. ఎంత మెత్తటి తీగనైనా. డాక్టరు మందులిచ్చారు గానీ వేళ్ళు తిన్నబడవని కూడా చెప్పారు. గిటారు గోడకి ఎక్కింది. ఆమె దానికి గుడ్డ కుట్టి తొడిగింది, అదీ కుడిచేత్తోనే, చాలా రోజులు పట్టింది. ఈసారి నా సెయ్యి పోయిందంటావా అని అడగలేదు. నిజం కాబట్టి అడగలేదనుకుంటాను. ఆ రోజుల్లో ఆమెని చూడడానికి వెళ్ళడం నాకు కష్టంగా ఉండేది. చపాతీ కర్ర గూట్లో ఊరికే ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్తే, "నా సూదుల పెట్టెలో అడుగున సూడు," అంది. దారపు ఉండల కింద ఆ ఇనుప రేకు ఉంది. నల్లరంగు అక్కడక్కడ రేగి, ఆరు గాట్లతో. పారేసిందనుకున్నాను.

అన్నయ్యా నేనూ కలిసి తీగలు వదులు చేసి రేకుని దాని పాత చోట తొడిగాం. తీగలు మళ్ళీ ఎత్తుగా లేచాయి. అన్నయ్య సాక్చీ బజారులో పాత ఇనుము అమ్మేచోట ఒక గుండ్రటి ఉక్కు ముక్క ఏరుకొచ్చి, ముఖం కనబడేంత నునుపు చేయించి ఉంచాడు. అంటే వాళ్ళిద్దరూ అప్పటికే మాట్లాడుకున్నారు. వదిన మంచం మీద కూర్చుని గిటారుని ఒళ్ళో పడుకోబెట్టుకుంది. వంగని వేళ్ళ మధ్య ఉక్కు ముక్కని ఇరికించుకుని తీగల మీద పెట్టి జరిపింది. మొదట పిల్లి అరుపులా వచ్చింది. ఆమె, నేను, అన్నయ్య ముగ్గురం నవ్వాం. నాలుగైదు వారాలు గడిచాక కీర్తన పోలికలు వచ్చాయి. మీటి జరిపితే స్వరం మెట్ల లెక్క లేకుండా సాగుతూ వెళ్ళేది. గుడిలో ఎప్పుడూ అలా వాయించలేదు. మధ్యాహ్నాలు ఇంట్లోనే, స్పీకరు పెట్టె లేకుండా, పక్కగదిలోకి కూడా వినపడనంత మెల్లగా.

"అప్పుడు దీన్ని తప్పనుకున్నాం," అంది ఒకరోజు. "ఇది ఎవరిదో సదుపాయం. ఆ కలకత్తా మనిషి సెయ్యి కూడా ఇలాంటిదేనేమో."

నాకు ఆ రోజు ఆఫీసు టైము కాకపోయినా కన్నీళ్ళొచ్చాయి. ఆమె చూసింది. ఆటపట్టించలేదు.

ఆమె పోయాక ఇంట్లో జరిపిన ఆదరణ కూడికకి టెక్కలి నుంచి చిన్నాన్న వచ్చాడు. నాలుగేళ్ళ కిందట రిటైరయ్యి అక్కడికి వెళ్ళిపోయాడు. ఈ నాలుగేళ్ళలో ఇక్కడ జరిగినవేవీ ఆయన చూడలేదు. ప్రార్థన అయ్యి, అందరూ లేచాక, ఆమె గదిలోకి వెళ్ళాడు. నేనూ మేనకోడలూ అక్కడే దుప్పట్లు మడతపెడుతున్నాం. గిటారు మంచం మీద, ఆమె చివరిసారి పెట్టినచోటే పడుకుని ఉంది. చిన్నాన్న వంగి, ఒక కన్ను మూసి, తీగల వెంట చూశాడు.

"తీగలు మళ్ళీ ఎత్తుకెక్కిపోనాయి. ఎవురూ సూసుకోనేదేటి? స్క్రూడ్రైవరు తే," అన్నాడు.

"చోటే దాదా, రహనే దీజియే," అంది మేనకోడలు. దానికి తెలుగు అర్థమవుతుంది, నోటికి హిందీయే వస్తుంది. "మమ్మీ ఐసే హీ బజాతీ థీ."

ఉండనివ్వండి చిన్నతాతా, అమ్మ ఇలాగే వాయించేది అని. చిన్నాన్న అర్థంకానట్టు నా వైపు చూశాడు. నేను తల దగ్గరి రేకు చూపించాను. దాన్ని ఆయన వెంటనే గుర్తుపట్టాడు. పక్కనే తలగడ మీద ఉన్న ఉక్కు ముక్కని తీసి అరచేతిలో దొర్లించాడు. తర్వాత ఆమె వేళ్ళెలా ఉండేవని అడిగాడు. నా చేతివేళ్ళు వంచి చూపించాను. ఆయన మంచం అంచున కూర్చున్నాడు.

"మిషను ఓకే," అన్నాడు. "మిషను ఓకేనే అమ్మీ. ఆపరేటరే నేదు."

ఆయనకీ ఇన్నేళ్ళూ గుర్తుందన్నమాట. ఈ సంగతి వెంటనే వదినకి చెప్పాలనిపించింది, ఆమె లేదని ఆ క్షణంలో నాకు పూర్తిగా తెలిసింది.

చిన్నాన్న ఉక్కు ముక్కని తీగల మీద మెల్లిగా పెట్టి చెయ్యి తీసేశాడు. మంచం ఆయన వైపుకి కాస్త వాలి ఉన్నట్టుంది. అది దానంతటదే తీగల మీద కొంచెం దూరం దొర్లింది. ఆరు తీగలూ కలిసి సన్నగా సాగాయి. మేనకోడలు దుప్పటి మడతతో అలాగే నిలబడింది. చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఎవరం తీగల మీద చెయ్యి వెయ్యలేదు.